రాతి మీద ఆడపేర్లు

నేలకొండపల్లి అనగానే భద్రాచలం రామాలయం కట్టించిన కంచర్ల గోపన్న గుర్తొస్తాడు. ఆ ఊరి పొలిమేరలోనే ఇటుకలతో కట్టిన బౌద్ధ స్తూపముంది. విరాటరాజు కథతో ముడిపెట్టి చెప్పుకోవడంతో విరాట్ స్తూపమన్న పేరు నిలిచిపోయింది. అక్కణ్నుంచి అడవి వైపు వెళ్తే, కొత్తగూడెం దగ్గర కారుకొండ గుట్ట మీద బండలో తొలిచిన బుద్ధుడు కనిపిస్తాడు. ఈ దారిన బౌద్ధం నడిచింది. దాన్ని పోషించిన ఆడవాళ్లెవరో తెలుసుకోవాలంటే మాత్రం కృష్ణ ఒడ్డున నాగార్జునకొండకు పోవాలి. అక్కడి రాళ్లు పేరుపేరునా చెబుతాయి.

క్రీ.శ. 3వ శతాబ్దం. ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆయన తోబుట్టువు శాంతిశ్రీ బౌద్ధ ఉపాసిక. ఆయన కొడుకు వీరపురుషదత్తుడి 6వ పాలనా సంవత్సరంలో, 106 అడుగుల వ్యాసమున్న మహాచైత్యం దగ్గర ఆమె నిలిపిన స్తంభాలు ఇప్పటికీ ఆమె మాటే చెబుతున్నాయి. మరో శాసనంలో ఆ రాజునే అల్లుడని పిలుచుకుంది. ఇంకో మేనత్త హమ్మశ్రీ కూతుళ్లు ఆయన రాణులు. మన మేనరికాలు ఎంత పాతవో! ఒకే ఇంట్లో మగవాళ్లు యజ్ఞాలు చేస్తే, ఆడవాళ్లు విహారాలు కట్టించారు. వాళ్ల చేతిలో సొమ్ముండేది, దాన్ని తమ పేరున ఖర్చుపెట్టే చొరవా ఉండేది.

రాజుల పేర్లకు ముందు వాసిష్ఠీపుత్ర, మాఠరీపుత్ర అని తల్లి గోత్రం చేర్చడాన్ని కూడా బౌద్ధం గొప్పతనమే అంటారు కొందరు. నేనొప్పుకోను. వైదిక యజ్ఞాలు చేసిన శాతవాహనులూ అలాగే చెప్పుకున్నారు. బౌద్ధ సంఘంలోనూ సమానత్వం లేదు. నూరేళ్ల భిక్షుణి అయినా ఆ రోజే దీక్ష తీసుకున్న భిక్షువుకు మొక్కాలన్నది వినయ నియమం. అయినా అమరావతి శాసనాల్లో సముదియ అనే భిక్షుణి ఉపాధ్యాయినిగా, శిష్యురాలున్న గురువుగా కనిపిస్తుంది. ఇల్లు విడిచిన ఆడది చదివి, మరొకరికి చదువు చెప్పడం ఆ కాలానికి చిన్న సంగతి కాదు.

నా మనసు మాత్రం బోధిశ్రీ దగ్గరే ఆగుతుంది. రాణి కాదు, గృహస్థురాలు. వీరపురుషదత్తుడి 14వ ఏట, సింహళ థేరుల కోసం చైత్యగృహం కట్టించింది. అంతటితో ఆగకుండా తన దానాలన్నీ వరసగా చెక్కించింది: ఒకచోట చెరువు, ఒకచోట మూడు గదులు, మరోచోట ఏడు, కంటకసేల మహాచైత్యం తూర్పు వాకిట రాతి మంటపం. ఆ కంటకసేలే ఇప్పటి ఘంటసాల. పుణ్యం పంచేటప్పుడు అత్తింటివాళ్లను, మామ రేవతుడితో సహా, పేర్లతో చెప్పింది. పుట్టింటివాళ్లనూ ఒక్కొక్కరినీ రాయించింది.