సున్నాలతో విసిగిన శాస్త్రజ్ఞుడు

షాంపూ సీసాల మీదా, సబ్బుల ప్రకటనల్లోనూ పీహెచ్ అనే మాట మనం చూస్తూనే ఉంటాం. ఆ మాట పుట్టింది సబ్బుల కంపెనీలో కాదు సుమండీ, బీరు తయారయ్యే చోట!

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ యజమాని జాకబ్‌సెన్ 1875లో ఒక పరిశోధనశాల పెట్టాడు. 1901 నుంచి అక్కడి రసాయనశాఖకి పెద్ద సోరెన్‌సెన్. ఆయన ప్రయోగాల్లో భార్య మార్గరెటె కూడా పాలుపంచుకునేవారు. ఆ సంగతి మాత్రం పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా కనిపించదు.

బీరు తయారీలో పని చేసేవి ఎంజైములు. పులుపు కాస్త ఎక్కువైనా, తక్కువైనా అవి సరిగ్గా పని చెయ్యవు. ఆ పులుపెంతో తేల్చాలంటే నీళ్ళలోని హైడ్రోజన్ అయాన్లని లెక్కకట్టాలి. యాసిడ్ నీళ్ళలో అయాన్లుగా విడిపోతుందని స్వీడన్ శాస్త్రజ్ఞుడు అర్హీనియస్ అప్పటికే చెప్పి, 1903లో నోబెల్ బహుమతి కూడా అందుకున్నాడు. కానీ ఆ అంకెలున్నాయే! లీటరుకి 0.0001 గ్రాము, 0.0000001 గ్రాము... ఒక్క సున్నా జారిందా, లెక్క పదిరెట్లు తప్పు.

1909లో సోరెన్‌సెన్ ఒక ఉపాయం కనిపెట్టాడు. చుక్క తర్వాత ఒకటి అనే అంకె ఎన్నో స్థానంలో ఉందో చెబితే చాలన్నాడు. 0.1 అయితే పీహెచ్ 1. 0.001 అయితే 3. మధ్యలో పడే అంకెలకి లాగరిథమ్ పట్టిక ఉండనే ఉంది. పీహెచ్ ఒక మెట్టు దిగితే యాసిడ్ ఘాటు పదిరెట్లు పెరిగినట్టు.

చిక్కల్లా యాసిడ్లు కలిపినప్పుడే. పీహెచ్ 1 ఉన్న హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఒక లీటరు, పీహెచ్ 3 ఉన్న నైట్రిక్ యాసిడ్ ఒక లీటరు కలిపారనుకోండి. సగటు చూసి 2 అని రాసేస్తారు పిల్లలు. పాపం, మార్కులు పోతాయి! ఈ రెండూ బలమైన యాసిడ్లు, అంటే ఇంత పల్చని నీళ్ళలో పూర్తిగా విడిపోయేవి. కనక సోరెన్‌సెన్ దాచేసిన సున్నాల్ని మళ్ళీ బయటికి తియ్యాలి. 0.1కి 0.001 కలిపితే 0.101 గ్రాము. ఇప్పుడు ద్రవం రెండు లీటర్లు కదా, లీటరుకి వచ్చేది 0.0505. పట్టికలో చూస్తే దాని పీహెచ్ 1.30.

విచిత్రం వినండి. ఆ రెండో యాసిడ్ బదులు ఒక లీటరు శుభ్రమైన నీళ్ళు పోసినా దాదాపు అదే 1.30! బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌లో సమానంగా నీళ్ళు కలిపి, ఇంకేం చేస్తుందిలే అని చేతులు పెట్టేవాళ్ళున్నారు. దానివల్ల ఘాటు తగ్గేది సగమే. పదోవంతుకి రావాలంటే ఒక వంతు యాసిడ్‌కి తొమ్మిది వంతుల నీళ్ళు కావాలి. అదీ యాసిడ్‌నే కొద్దికొద్దిగా నీళ్ళలో పొయ్యాలి గాని, నీళ్ళు తెచ్చి యాసిడ్‌లో కాదు.