నోటిలో నిప్పు

పులికాటు సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ సన్నగా సాగిన ఇసుక దీవి శ్రీహరికోట. మొన్నటి వరకు నెల్లూరు జిల్లాలోనిది. 2022 నుండి తిరుపతి జిల్లాలో చేరినది. 1971 అక్టోబరు 9వ తేదీన రోహిణి-125 అనే చిన్న రాకెట్టు ఇచ్చట నుండి పైకెగిరినది. నాటి నుండి ఆ పేరు వినగానే ఆకాశంలోనికి లేచే అగ్నిజ్వాల మన కన్నులకు కడుతుంది. అంతకు పూర్వం ఆ దీవిలో నిప్పు పుట్టించడమే ఒక పని. అచ్చటి అడవులు యానాదుల నివాసాలు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ హిందూదేశపు కులాలను, తెగలను గూర్చి ప్రకటించిన గ్రంథంలో, యానాదులు పుల్లతో పుల్లను మథించి నిప్పు తీయడం వర్ణించినాడు. ఒక పుల్లలో చిన్న గుంట చేసి, రెండవ దానిని అందులో నిలిపి, అరచేతుల నడుమ చిలికేవారు.

అంత శ్రమపడి తెచ్చుకొన్న నిప్పును సముద్రపు గాలిలో ఆరిపోకుండా కాపాడుకోవడం మరొక శ్రమ. పొగ త్రాగేవానికి ఆ కష్టం మరింత బాగా తెలుసు. ఇదే తీరం వెంట ఉత్తరంగా పోయి శ్రీకాకుళం చేరితే, ఆ కష్టానికి అచ్చటివారు కనుగొన్న ఉపాయం ఒకటి కనిపిస్తుంది. చుట్టను తిరగవేసి, మండే కొనను నోటి లోపల ఉంచి, పెదవులు మూసి పొగ త్రాగుతారు. దీనిని అడ్డపొగ అంటారు. పొగ వలన నోటికి కలిగే మంటను గూర్చి మాట్లాడదలచినవాడు ఆ పల్లెలను తలచుకోక తప్పదు. ఎందుకంటే, నోరు మండకుండా చేసుకోవడమే మేలని నమ్మే మనందరికీ ఆ పల్లెలు చెప్పే సమాధానం వేరు.

పొగాకు మన మొక్క కాదు. అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసు ఓడలలో మన రేవులకు వచ్చినది. అక్బరు చక్రవర్తి చివరి దినాలలో అసద్ బేగ్ అనే ఉద్యోగి విజాపురం నుండి దానిని మొగలాయి దర్బారుకు కానుకగా తీసికొనిపోయినాడు. 1617లో జహంగీరు దానిని నిషేధించినాడు. ఆ నిషేధం ఏ మాత్రం సాగినదో మన ఊరి కిళ్లీ కొట్టే సాక్ష్యం! ఇక మన తీరపు మాట. 1669 నుండి పది సంవత్సరాల పాటు ఈ ప్రాంతాలలో తిరిగిన థామస్ బౌరీ అనే ఆంగ్ల నావికుడు, ఇచ్చటి పేదలు, అందులో జెంటూలు, అనగా మన తెలుగువారు, ఆకును చుట్టగా చుట్టి, ఒక కొన అంటించి, రెండవ కొనను పెదవుల నడుమ పట్టి పీల్చుతారని వ్రాసినాడు. పోర్చుగీసువారు దానిని ‘చెరూటా’ అంటారని కూడా చెప్పినాడు. తమిళుల ‘శురుట్టు’, మన ‘చుట్ట’, దొరల ‘చెరూట్’ అన్నీ దగ్గరి చుట్టాలే. బౌరీ చూచిన చుట్టకు నిప్పు బయటి కొననే ఉన్నదని శ్రోతలు గమనించగలరు.

పొగ త్రాగిన ప్రతివానికీ తొలినాడే నాలుక మండుతుంది. దానికి కారణాలు రెండు. మొదటిది వేడి. ఆత్రంగా, వెంట వెంట పీల్చితే నిప్పు రాజుకొని పొగ కాగిపోతుంది. ఆకులో తడి ఉంటే అది ఆవిరియై నాలుకను కాల్చుతుంది. రెండవది క్షారం. చుట్టపొగ, పైపుపొగ సున్నపు నీటి వలె క్షారగుణం కలవి. అందుచేతనే వాటిలోని నికోటిను ఊపిరితిత్తులదాకా పోనక్కరలేకుండా నోటిపొర గుండానే రక్తంలో కలుస్తుంది. చుట్ట త్రాగేవాడు పొగను మ్రింగకుండానే తృప్తి పొందడానికి ఇదే రహస్యం. నాలుక చివర చిమచిమలాడటానికీ ఇదే మూలం.

ఈ మంటను తప్పించుకోవడానికి మనిషి పడని పాట్లు లేవు. నవాబుల హుక్కాలో పొగ నీటిలో మునిగి, మూరల కొద్దీ గొట్టంలో ప్రయాణించి, చల్లబడి వస్తుంది. బీదరు పనివారు నల్లని లోహంపై వెండి పూలు పొదిగి చేసిన హుక్కా కుండలు నేడు వస్తు ప్రదర్శనశాలలలో కూడా ఉన్నవి. అంత సొగసైన పాత్రలోని నీరు వేడిని తగ్గించగలిగినదే కాని విషాన్ని కడిగివేయలేదు. ఐరోపావారు పైపు కాడను పొడుగు చేసినారు. నిదానంగా పీల్చవలెననీ, పైపును చల్లారనిచ్చి మరల నింపవలెననీ నియమాలు ఏర్పరచుకొన్నారు. కాని వారిలోనే జర్మను శరీరశాస్త్రజ్ఞుడు జోమరింగ్, పెదవిపై పుట్టే రాచపుండు పైపు త్రాగేవారిలో ఎక్కువని 1795లోనే హెచ్చరించినాడు. మన ఇండ్లలో పెద్దలు నోరు పొక్కితే మజ్జిగ పుక్కిలించేవారు, వెన్న రాసుకొనేవారు. ఉపశమనం కలిగేది, మరునాడు చుట్ట మరల వెలిగేది. కన్యాశుల్కంలో గిరీశం శిష్యునికి చుట్ట మహిమ బోధించిన ఘట్టం చదివి నవ్వనివారు లేరు. ఆయన ఉపన్యాసంలో నోటిపొక్కుల ప్రసక్తి రాలేదు!

ఇరవయ్యవ శతాబ్దంలో గుంటూరు ప్రాంతాన వర్జీనియా పొగాకు విస్తరించినది. రైతులు బ్యారన్ అనే గదులలో వేడిగాలికి పండబెట్టే ఆ ఆకులో చక్కెర పాలు ఎక్కువ. దాని పొగ క్షారం కాక కొంత ఆమ్లగుణం కలది. అందుచేత నోటికి, గొంతుకు మెత్తగా ఉంటుంది. సిగరెట్టు త్రాగేవాడు దానిని లోతుగా గుండెల నిండా పీల్చుకోగలుగుతాడు. నోటిమంట తగ్గినది నిజమే, కాని మంట తగ్గిన కారణంగానే పొగ ఊపిరితిత్తులను చేరినది. 1950లో ఇంగ్లండులో డాల్, హిల్ అనే వైద్యశాస్త్రజ్ఞులు సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సరుకూ గల సంబంధాన్ని లెక్కలతో ప్రకటించిన నాడు ఆ మెత్తదనపు వెల ఎంతో తెలిసినది.

ఇప్పుడు శ్రీకాకుళం వద్దాం. అడ్డపొగ త్రాగేవారిలో ఆడవారు ఎక్కువ. ఎందుకు అలా త్రాగుతారని అడిగితే పలు విధాల చెబుతారు. గాలికి, వానకు నిప్పు ఆరదంటారు. చంకలోని బిడ్డపై నిప్పు రాలదంటారు. పెద్దల ఎదుట కనిపించదంటారు. తల్లి త్రాగితే చూచి నేర్చుకొన్నామని చెప్పేవారూ ఉన్నారు. లాలాజలం తగిలి పై ఆకు తడిసి ఉండటం వలన చుట్ట నెమ్మదిగా కాలుతుంది. పేద ఇంట అదీ ఒక పొదుపే. నిప్పు నోటిలో ఉండగానే వారు వంట చేసుకొంటారు, నాట్లు వేస్తారు. ప్రపంచంలో ఈ అలవాటు మనది మాత్రమే కాదు. పనామా, కొలంబియా, కరీబియను దీవులు, సార్డీనియా, ఫిలిప్పీన్సులలోనూ ఉన్నది. అమెరికా ఖండంలోని అట్టివారిపై 1960 ప్రాంతాలలో జరిగిన పరీక్షలలో, నోటి లోపలి గాలి 120 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడెక్కుతున్నట్లు తేలినది. నీరు మరిగే వేడి 100 డిగ్రీలే గదా!

మరి వారి నోరు మండదా? తొలి దినాలలో మండుతుంది. తరువాత మండదు. అంగిలి తన్ను తాను కాపాడుకోవడానికి పొరపై పొర పేర్చుకొంటుంది. నాగలి పట్టిన అరచేయి కాయ కాసినట్లే. అంగిలి తెల్లబారి, దళసరియై, దానిలో అక్కడక్కడ ఎర్రని చుక్కలు కనిపిస్తాయి. అవి వాచిన చిన్న లాలాజల గ్రంథుల ద్వారాలు. పైపు త్రాగేవారి అంగిలిలోనూ ఇదే మార్పు వస్తుంది. వారిలో అది సాధారణంగా అపాయకరం కాదు. అడ్డపొగ త్రాగేవారిలో మాత్రం క్యాన్సరుకు దారి తీయగలదు. నొప్పి లేదు గనుక ఆ తల్లులు ఎవరికీ చూపరు. నొప్పి పుట్టేసరికి తరచు ఆలస్యమైపోతుంది.

దీనిని మొదట పసికట్టినవారు విశాఖపట్నం వైద్యులు. అంగిలిపై క్యాన్సరు తక్కిన దేశాలలో అరుదు. ఇచ్చటి ఆసుపత్రికి మాత్రం ఆ రోగులు వస్తూనే ఉండిరి. 1937లోనే కిణి, సుబ్బారావు అనే వైద్యులు అడ్డపొగ మాట ఎత్తినారు. 1957లో గోవిందరెడ్డి, కామేశ్వరరావు గారలు, కోస్తా ఆంధ్రంలోని అంగిలి క్యాన్సరుకు నిప్పును నోటిలో ఉంచి త్రాగే చుట్టయే కారణమని ఒక వ్యాసం ప్రకటించినారు. తరువాత బొంబాయి టాటా పరిశోధన సంస్థకు చెందిన ఫాలీ మెహతా, డెన్మార్కు దంతవైద్యుడు పిండ్‌బోర్గ్, వారి సహచరులు శ్రీకాకుళం జిల్లా పల్లెలలో ఇంటింటికీ తిరిగినారు. 10,169 మంది నోళ్లు తెరిపించి చూచి 1971లో ఫలితాలు వెల్లడించినారు. నూటికి 44 మంది దాకా అడ్డపొగ త్రాగేవారే. అంగిలి మార్పులు అధికంగా కనిపించినదీ వారిలోనే. ఒక ఆడమనిషి పరాయి వారి ఎదుట నోరు తెరచి అంగిలి చూపడం మన పల్లెలలో సామాన్యమైన సంగతి కాదు. ఆ పదివేల మంది సహనాన్ని శాస్త్రజ్ఞుల కృషితో సమంగా లెక్కించవలసి ఉన్నది.

అంతటితో ఆ బృందం ఆగలేదు. శ్రీకాకుళంతో పాటు కేరళలోని ఎర్నాకుళం, గుజరాతులోని భావనగరు జిల్లాలలో 36,000 మంది పొగాకు వాడేవారిని ఏటేటా పరీక్షించుచు, మానవలసినదిగా ముఖాముఖి నచ్చజెప్పుచు, ప్రచారం చేయుచు వచ్చినది. ఐదేండ్ల ఫలితాలు 1986లో వెలువడినవి. చెప్పినందువలన మానేవారూ, తగ్గించేవారూ పెరిగినారు. క్యాన్సరుకు ముందు వచ్చే నోటి మచ్చలు తగ్గినవి. ముప్ఫై, నలభై సంవత్సరాల అలవాటు, చదువురాని పల్లె, ఎవరు వింటారని పెదవి విరిచినవారికి అది కొంత ఆశ్చర్యం కలిగించి ఉండవచ్చు.

పొగ మానితే, తెల్లబారిన అంగిలి చాలమందిలో కొన్ని వారాలలోనో నెలలలోనో మరల గులాబి రంగుకు వస్తుంది. ఇంట చుట్టగాని, పైపుగాని త్రాగే పెద్దలుంటే, పగటి వెలుతురులో తల వెనుకకు వాల్చి నోరు తెరవమనండి. అంగిలి, నాలుక ప్రక్కలు, బుగ్గల లోపలి భాగం చూడండి. కట్టుడు పళ్లు ఉంటే తీసి చూడవలెను. తెల్లని మచ్చగాని, ఎర్రని మచ్చగాని, రెండు మూడు వారాలలో మానని పుండుగాని కనిపిస్తే, నొప్పి లేదు గదా అని ఊరుకొనక దంతవైద్యునికి చూపించండి.