రెండు దోమల వ్యాసము

నానక్‌రామ్‌గూడవలెనే నేడు హైదరాబాదు మహానగరములో ఇమిడిపోయిన బేగంపేటలో, 1897 ఆగస్టు 20న, సైనికవైద్యుడు రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపును సూక్ష్మదర్శినితో పరీక్షించెను. నాలుగు దినముల క్రిందట అది హుసేన్‌ఖాన్ అను మలేరియా రోగిని కుట్టినది. (కుట్టిన దోమకు అణా చొప్పున ఆయనకు ముట్టినది!) కడుపు గోడలో గుండ్రని కణములు, వానిలో మలేరియా క్రిమియందుండునట్టి నల్లని రేణువులు కనబడెను. మరునాడు కోసిన దోమలో ఆ కణములు మరికొంత పెరిగి యుండెను.

ఇక వ్రాయవలెను. బ్రిటిష్ మెడికల్ జర్నలుకు పంపిన వ్యాసమునకు రాస్ పెట్టిన పేరు చూడుడు: మలేరియా రక్తము త్రాగిన రెండు దోమలలో కనబడిన కొన్ని విచిత్ర కణములను గూర్చి! చూచినవి రెండే దోమలని శీర్షికలోనే ఒప్పుకొనుట సామాన్యము కాదు. ఏ దినమున ఏమి చూచెనో, కణముల కొలత యెంతో వ్రాసెను. పూర్వము కోసిన ఇతర దోమలలో అవి కానరాలేదనియు చెప్పెను. ఆ దోమజాతి పేరు ఆయనకు తెలియదు. కనుక రెక్కల మచ్చలను, గ్రుడ్ల ఆకారమును వర్ణించెను. అది అనాఫిలిస్ అని నేడు మనకు తెలియును. కణములను స్వయముగా చూచిన స్మైత్ అను వైద్యుని అభిప్రాయమును జతపరచెను. నమూనాలను లండనులో పరీక్షించిన మాన్సన్ మొదలగువారి మాటలతో కూడ డిసెంబరు 18న వ్యాసము అచ్చయినది.

దోమనుండి రోగము మరల ఎట్లు సోకునో అందులో లేదు. దానిని 1898లో కలకత్తాలో, పక్షుల మలేరియాపై పరిశోధించి రాస్ తేల్చెను.