వీణకు మేళము కట్టుట



కొండపల్లి బొమ్మకు రంగు వెలిసినచో మరల పూయవచ్చును. అటకపై వీణ మూగవోయినచో నంత సులువు కాదు. బొమ్మకు తేలికయైన తెల్లపొణికి కఱ్ఱ. వీణకు పనసకఱ్ఱ, దానిపై మైనము, ఆ మైనముపై మెట్లు.

పూర్వము రాగమునుబట్టి మెట్లను జరుపుకొనుచుండిరి. తంజావూరు నేలిన రఘునాథనాయకుని కాలమున, అనఁగా 17వ శతాబ్ది తొలిభాగమున, 24 మెట్లను స్థిరముగా నిలిపి, సర్వరాగములకు నొకే వీణ చాలునట్లు చేసిరని ప్రసిద్ధి. 1700 ప్రాంతమున ఇటలీలో క్రిస్టొఫోరి పియానోను నిర్మించెను. నేఁటి పియానోలో రెండువందలకు మించి తీగలుండును. వానికి శ్రుతి కూర్చుట యొక వృత్తియైనది. మనకట్టి వృత్తియే మేళము కట్టుట.

మైనము ఎండకు మెత్తబడును, ఏండ్లకు పగులును. మెట్టు నువ్వుగింజంత జరిగినను స్వరము తప్పును. కావున ధూళి తుడుచుట, తీగ మార్చుట, జారు బిరడకు సుద్దపొడి రాచుట మీరు చేసికొనవచ్చును. మైనము జోలికి మాత్రము పోరాదు.

నూజివీడు మనకు దూరము కాదు. వీణల పనికి పేరొందిన యూరు. పని యప్పగించుటకు ముందు వారు కట్టిన వీణ నొకదానిని వినుఁడు. 12వ మెట్టుపై పలుకు స్వరము విడితీగకు సరిగా పైస్థాయి కావలయును.

వీణ అటకపై నున్నంతకాలము ఆ పనివానికి పని లేదు. పని లేనిచో నా విద్య కొడుకునకు రాదు. దానిని నేఁడే క్రిందికి దింపుఁడు.