ఎక్కడ అని అడిగిన ముప్పై ఏళ్లు

మన స్వర్ణోత్సవ సంచికలో బడి జ్ఞాపకాలు రాసేవాళ్లు చాలామందే ఉంటారు. నాకంటే బాగా రాస్తారు కూడా. అందుకని నేను వేరే చరిత్ర ఒకటి ఎంచుకున్నాను. అదీ యాభై ఏళ్లు దాటినదే. 1973 జూన్‌లో అమెరికాలోని ఒక ఖగోళశాస్త్ర పత్రికలో నాలుగు పేజీల చిన్న వ్యాసం అచ్చయింది. ఆకాశంలో అప్పుడప్పుడు గామా కిరణాల మెరుపులు మెరుస్తున్నాయని, అవి భూమివీ సూర్యుడివీ కావని దాని సారాంశం. మరి ఎక్కడివి? ఆ ఒక్క మాట తేలడానికి ఇంకో ఇరవై నాలుగేళ్లు పట్టింది.

నేను ఖగోళ శాస్త్రవేత్తను కాను. హైటెన్షన్ లైన్ల పనిలో ముప్పై ఏళ్లు గడిపిన కరెంటు ఇంజినీరుని. అయినా ఈ కథ నాకు సొంత కథలాగే అనిపిస్తుంది. మా ఉద్యోగంలో లైను ట్రిప్ అయితే మొదట వచ్చే ప్రశ్న ‘ఏమైంది?’ కాదు, ‘ఎక్కడ?’. చోటు తెలిస్తే కారణం దానంతట అదే దొరుకుతుంది. కొమ్మ తగిలిందా, ఇన్సులేటర్ పగిలిందా, పిడుగు పడిందా అన్నది అక్కడికి వెళ్లి చూస్తే చాలు. చోటు తెలియకపోతే లైన్‌మన్‌లు టార్చి పట్టుకుని, వానలో, పొలం గట్ల మీద టవర్ తర్వాత టవర్ చూసుకుంటూ నడవాలి. ఆఫీసులో కూర్చున్నవాళ్లు ఈలోగా తలా ఒక కారణం చెబుతుంటారు. గామా మెరుపుల విషయంలో ప్రపంచం ముప్పై ఏళ్లు సరిగ్గా ఆ స్థితిలోనే ఉంది.

కథ బాంబులతో మొదలవుతుంది. 1963 ఆగస్టు 5న మాస్కోలో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. గాలిలో, నీటి అడుగున, అంతరిక్షంలో అణుపరీక్షలు జరపకూడదని ఆ ఒప్పందం. సంతకాలు అయ్యాయి గానీ నమ్మకం కుదరలేదు. ఎదుటివాడు చంద్రుడి చాటున బాంబు పేలిస్తే ఎలా తెలుస్తుంది? అందుకని అమెరికా అదే ఏడు అక్టోబరు 17న వేలా అనే ఉపగ్రహాల మొదటి జతను పంపింది. కాపలా అనే అర్థమున్న స్పానిష్ మాట నుంచి ఆ పేరు పెట్టారు. భూమికి లక్ష కిలోమీటర్లకు పైగా ఎత్తున, ఒకటి ఇటు, ఒకటి అటు తిరుగుతూ అవి బాంబు నుంచి వచ్చే గామా కిరణాల కోసం కాచుకుని ఉండేవి. గామా కిరణాలు మన వాతావరణాన్ని దాటి నేలకు చేరవు కాబట్టి ఆ కాపలా పైనుంచే కాయాలి.

1967 జూలై 2న రెండు తరాల వేలా ఉపగ్రహాలు ఒకేసారి ఒక మెరుపును నమోదు చేశాయి. లాస్ అలమోస్ ప్రయోగశాలలో రే క్లీబెసాడెల్, రాయ్ ఓల్సన్ ఆ రికార్డులను 1969లో తిరగేస్తూ దాన్ని గమనించారు. బాంబు మెరుపు ఎలా పుట్టి ఎలా తగ్గుతుందో వాళ్లకు బాగా తెలుసు. ఇది ఆ తీరులో లేదు. ఒకసారి ఎగసి, తగ్గి, మళ్లీ ఎగసింది. బాంబు కాదని తేలాక వాళ్ల ఉద్యోగ ధర్మం అక్కడికి తీరిపోయింది. ఆ కాగితాన్ని పక్కన పడేసినా అడిగేవాళ్లు లేరు. వాళ్లు దాన్ని భద్రంగా దాచి, మెరుగైన గడియారాలున్న కొత్త వేలా ఉపగ్రహాల కోసం ఆగారు.

గడియారం ఎందుకో మన బడిలో చదివినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా అంకెలు లెక్కపెట్టించి, మూడు సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున పిడుగు ఎంత దూరమో చెప్పించేవారు మన ఫిజిక్సు మాస్టారు. కాలాన్ని కొలిస్తే దూరం తెలుస్తుందన్న పాఠం నాకు ఉద్యోగంలో అన్నం పెట్టింది. లైను మీద లోపం జరిగిన చోటు నుంచి ఒక అల రెండు వైపులకూ దాదాపు కాంతివేగంతో పరిగెడుతుంది. రెండు చివర్ల సబ్‌స్టేషన్లలో అది ఎప్పుడు చేరిందో జీపీఎస్ గడియారాలతో నమోదు చేస్తే, ఆ తేడాను బట్టి చోటు చెప్పవచ్చు. సెకనులో పది లక్షల వంతు పొరపాటు జరిగితే చోటు నూట యాభై మీటర్లు తప్పుతుంది.

వేలాలకూ లెక్క ఇదే. మెరుపు ఒక ఉపగ్రహాన్ని ముందు, ఇంకోదాన్ని తర్వాత తాకుతుంది. ఆ తేడా ఒక సెకనుకు మించదు. రెండు ఉపగ్రహాల తేడాతో ఆకాశం మీద ఒక వలయం గీయవచ్చు. మెరుపు ఆ వలయం మీద ఎక్కడో ఉంది. మూడోది తోడైతే వలయాలు రెండు చోట్ల కలుస్తాయి. కొత్త వేలాలు సెకనులో 64వ వంతు దాకా కాలాన్ని పట్టగలిగాయి. 1969 జూలై నుంచి 1972 జూలై దాకా 16 మెరుపులు దొరికాయి. వాటి దిక్కు సూర్యుడి వైపూ లేదు, భూమి వైపూ లేదు. క్లీబెసాడెల్, ఓల్సన్ తమ సహచరుడు ఇయాన్ స్ట్రాంగ్‌తో కలిసి 1973లో రాసిన వ్యాసం అదే.

ఇక సిద్ధాంతాల వాన మొదలైంది. న్యూట్రాన్ నక్షత్రాల మీద పడే తోకచుక్కలని కొందరు, నక్షత్రాల జ్వాలలని కొందరు, కృష్ణబిలాలని మరికొందరు అన్నారు. 1990ల నాటికి వందకు పైగా సిద్ధాంతాలు అచ్చయ్యాయి. చిక్కు ఎక్కడంటే, దూరం తెలియకపోతే శక్తి తెలియదు. చీకట్లో కనిపించే వెలుగు పక్క పొలంలోని టార్చిదో, కొండ మీది సర్చిలైటుదో దూరం తెలిస్తేగాని చెప్పలేం.

చోటు బాగా తెలియాలంటే గడియారాలు దూరదూరంగా ఉండాలి. 1978లో అమెరికా, సోవియట్ యూనియన్ శుక్రుడి దగ్గరికి నౌకలను పంపినప్పుడు వాటిలో గామా డిటెక్టర్లు కూడా పెట్టారు. భూమి నుంచి అక్కడికి కాంతి చేరడానికే నిమిషాలు పడుతుంది కాబట్టి వలయాలు సన్నబడ్డాయి. ఒకరినొకరు కాపలా కాసుకోవడానికి మొదలుపెట్టిన పనిలో రెండు దేశాల నౌకల లెక్కలు ఒకే పటం మీద కలవడం ఈ చరిత్రలో నాకు బాగా నచ్చిన ఘట్టం. అయితే లెక్కలన్నీ భూమికి చేరి, చోటు తేలేసరికి రోజులు, వారాలు గడిచేవి. పెద్ద టెలిస్కోప్ అటు తిప్పితే అక్కడ ఏమీ ఉండేది కాదు. పైగా 1979 మార్చి 5న వచ్చిన ఒక భారీ మెరుపు పక్క గెలాక్సీలో పేలిపోయిన నక్షత్రపు శేషం దగ్గర తేలింది. అది న్యూట్రాన్ నక్షత్రం పని. దాంతో అన్ని మెరుపులూ అలాంటివేనని, మన పాలపుంతలోవేనని చాలామంది నమ్మారు. నిజానికి అది వేరే జాతి మెరుపు.

1991 ఏప్రిల్ 5న నాసా కాంప్టన్ అబ్జర్వేటరీని అట్లాంటిస్ షటిల్‌లో పంపింది. దాని యాంటెన్నా విచ్చుకోకపోతే జెర్రీ రాస్, జే ఆప్ట్ అనే వ్యోమగాములు బయటికి వెళ్లి, రాస్ చేత్తో నెట్టి విడదీశాడు. ఆ నౌక ఎనిమిది మూలల్లో ఎనిమిది డిటెక్టర్లు పెట్టినవారు జెరాల్డ్ ఫిష్‌మన్ బృందం. ఏ మూల ఎంత వెలుగు పడిందో పోల్చి దిక్కు చెప్పడం వాటి పద్ధతి. రోజుకు దాదాపు ఒక మెరుపు చొప్పున తొమ్మిదేళ్లలో 2704 దొరికాయి. మెరుపులు మన పాలపుంతలోవైతే పటం మీద పాలపుంత పట్టీ వెంబడి గుమిగూడాలి. 1992 జనవరిలో మొదటి 153 మెరుపుల పటం అచ్చయింది. చుక్కలు అన్ని వైపులా సమానంగా చల్లినట్టున్నాయి!

అయినా వాదన తెగలేదు. 1995 ఏప్రిల్ 22న వాషింగ్టన్‌లోని ఒక సభామందిరంలో బోహ్డాన్ పచిన్‌స్కీ, డొనాల్డ్ లాంబ్ ఎదురెదురుగా నిలబడ్డారు. విశ్వం అంచుల నుంచి వస్తున్నాయని పచిన్‌స్కీ, మన పాలపుంతను చుట్టి ఉన్న విశాలమైన పరివేషం నుంచేనని లాంబ్ వాదించారు. మార్టిన్ రీస్ అధ్యక్షత వహించారు. ఇద్దరూ గట్టివాళ్లే. తీర్పు చెప్పగలిగే కొలత మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఫిష్‌మన్ డిటెక్టర్లు చోటు చెప్పేవిగానీ కొన్ని డిగ్రీల తప్పుతో చెప్పేవి. నిండు చంద్రుడు అర డిగ్రీ మాత్రమే. అంత పెద్ద ఆకాశపు ముక్కలో ఏ చుక్కని వెతకాలి?

తీర్పు 1996 ఏప్రిల్ 30న ఎగిరిన బెప్పోసాక్స్ అనే చిన్న ఉపగ్రహం నుంచి వచ్చింది. ఇటలీ, నెదర్లాండ్స్ కలిసి కట్టినది. 1997 ఫిబ్రవరి 28న దాని డచ్చి కెమెరా ఒక మెరుపు చోటును డిగ్రీలో చిన్న భాగం దాకా పట్టింది. ఇటలీలో డ్యూటీలో ఉన్నవాళ్లు ఎనిమిది గంటల్లో ఉపగ్రహాన్నే అటు తిప్పారు. ఆరిపోతున్న నిప్పులాంటి ఎక్స్‌రే వెలుగు కనిపించింది. యాన్ వాన్ పారడైస్ బృందం 21 గంటల లోపే కానరీ దీవుల్లోని 4.2 మీటర్ల హెర్షెల్ టెలిస్కోప్‌తో అక్కడ ఫొటో తీయించింది. మార్చిలో మళ్లీ తీస్తే మొదటి ఫొటోలోని ఒక చుక్క మాయమైంది. ముప్పై ఏళ్లలో ఒక గామా మెరుపును మామూలు వెలుగులో చూడటం అదే మొదలు. ఆ మే 8న వచ్చిన ఇంకో మెరుపు వెలుగును హవాయిలోని కెక్ టెలిస్కోప్ విడదీసి చూస్తే, దారిలో ఇనుము, మెగ్నీషియం వేసిన గీతలు ఎరుపు వైపు జరిగి ఉన్నాయి. లెక్క కడితే ఆ కాంతి కనీసం 700 కోట్ల ఏళ్ల కిందట బయలుదేరింది. పచిన్‌స్కీ మాట నిజమైంది.

ఇక్కడి నుంచి పోటీ దూరంతో కాదు, కాలంతో. నీల్ గెరెల్స్ నాయకత్వంలో 2004 నవంబరు 20న స్విఫ్ట్ ఎగిరింది. గామా కిరణాలను అద్దాలతో ఒకచోట చేర్చలేం. అందుకని డిటెక్టర్ల పైన దాదాపు 52 వేల సీసపు ముక్కలతో అస్తవ్యస్తమైన జాలీ కట్టారు. కిటికీ జాలీ నీడ నేల మీద ఎటు జరిగిందో చూసి సూర్యుడు ఎక్కడున్నాడో చెప్పవచ్చు కదా, అదే లెక్క. కంప్యూటర్ కొన్ని సెకన్లలో చోటు కట్టి, ఎవరి అనుమతీ అడక్కుండా సుమారు నిమిషంలో మొత్తం నౌకను అటు తిప్పుతుంది. చోటు వివరం ఆ వెంటనే ప్రపంచంలోని టెలిస్కోప్‌లకు చేరుతుంది. 2008 మార్చి 19న 750 కోట్ల ఏళ్ల నాటి ఒక మెరుపును దాని వెలుగు తగ్గకముందే నమోదు చేయగలిగారు. మామూలు కంటికి కూడా కొన్ని సెకన్లు ఆనగలిగినంత వెలుగు అది.

చోటు తెలిశాక కారణం దొరికింది. సెకన్ల నుంచి నిమిషాల దాకా సాగే మెరుపులు ఎక్కువగా భారీ నక్షత్రాలు కూలిపోతున్నప్పటివి. రెండు సెకన్ల లోపు పొట్టి మెరుపుల గుట్టు 2017 ఆగస్టు 17న విడింది. రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న గురుత్వ తరంగం వచ్చిన 1.7 సెకన్లకు ఫెర్మి ఉపగ్రహం గామా మెరుపును పట్టింది. 13 కోట్ల ఏళ్లు ప్రయాణించి వచ్చిన రెండింటికీ మధ్య తేడా అంతే.

ఈ చరిత్రలో మన తీరానికీ పాత్ర ఉంది. శ్రీహరికోట నుంచి ఏఎస్‌ఎల్‌వీ రాకెట్ 1987, 1988లలో రెండుసార్లు విఫలమైంది. 1992 మే 20న మూడోసారి ఎగిరి, గామా మెరుపుల డిటెక్టర్ ఉన్న స్రాస్-సి ఉపగ్రహాన్ని పైకి చేర్చింది. కక్ష్య తక్కువ ఎత్తున కుదరడంతో అది రెండు నెలలు తిరక్కుండానే పడిపోయింది. 1994 మే 4న వెళ్లిన స్రాస్-సి2 ఏళ్ల తరబడి పనిచేసి మెరుపులను పట్టింది. 2015 సెప్టెంబరు 28న అక్కడి నుంచే ఆస్ట్రోశాట్ వెళ్లింది. దాని సీజెడ్‌టీఐ పరికరాన్ని అక్టోబరు 6న ఆన్ చేస్తే, ఆ రోజే ఒక మెరుపు దొరికింది. అప్పటి నుంచి వందల కొద్దీ పట్టింది. 2017 ఆగస్టు నాటి మెరుపు మాత్రం దానికి కనిపించలేదు, ఆ దిక్కు అప్పుడు భూమి చాటున ఉంది. ఆ కనిపించకపోవడం కూడా ఆకాశంలో వెతకాల్సిన భాగాన్ని తగ్గించింది. రిలే పడని సబ్‌స్టేషన్ కూడా మాకు సమాచారమే.

సైన్సు మాస్టార్లకు, టీచర్లకు ఒక మనవి. క్లీబెసాడెల్ చేసిన మొదటి పని, లెక్కకు కుదరని రీడింగును దాచడం. మన ల్యాబు రికార్డుల్లో పిల్లలు జవాబు ముందే తెలుసుకుని రీడింగులు సరిదిద్దుతుంటారు. కుదరని రీడింగును అలాగే రాసి, తేదీ, సమయం వేసిన పిల్లవాడికి మార్కులు తగ్గించకండి. వచ్చే వానాకాలంలో ఒక పని కూడా ఇవ్వండి. ఊరికి మూడు మూలల ఇళ్లున్న ముగ్గురు పిల్లలు, ఇంట్లోనే ఉండి, ఒకే మెరుపుకు ఉరుము ఎన్ని సెకన్లకు వినబడిందో రాసుకోవాలి. మర్నాడు ఊరి పటం మీద మూడు వలయాలు గీయాలి. అవి కలిసినచోటికి వెళ్లి చూస్తే, ఏ తాటిచెట్టు మీద పిడుగు పడిందో బహుశా కనిపిస్తుంది.