ఒన్సెన్ స్నానశాలలు - పచ్చబొట్టు నిషేధము

జపాను దేశములో భూగర్భము నుండి ఉబికివచ్చే వేడినీటి బుగ్గలను, ఆ నీటితో నడిచే స్నానశాలలను ఒన్సెన్ అంటారు. వీటిలో అనేకము ఒంటిమీద పచ్చబొట్టు ఉన్నవారిని లోనికి రానివ్వవు. ఇది దేశమంతటికీ వర్తించే చట్టము కాదు. ఆయా స్నానశాలల యజమానులు తమంతట తాము పెట్టుకున్న నియమము. అందువలన ఒకచోట ప్రవేశము దొరకని వ్యక్తి అదే ఊరిలోని మరొక స్నానశాలలో నిరభ్యంతరముగా స్నానము చేయగలగవచ్చు.

ఒన్సెన్ అనగా

1948లో వచ్చిన ఒన్సెన్ చట్టము ప్రకారము, భూమి నుండి వెలువడేటప్పుడు నీటి ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించి ఉండాలి. లేదా చట్టములో పేర్కొన్న 19 పదార్థములలో ఏదో ఒకటి నిర్ణీత పరిమాణములో ఆ నీటిలో ఉండాలి. మామూలు నీటిని కాచి వాడే పేటల స్నానశాలలను సెంతో అంటారు.

చాలా ఒన్సెన్‌లలో స్త్రీలకు, పురుషులకు వేర్వేరు కొలనులు ఉంటాయి. ముందుగా చిన్న పీటపై కూర్చొని, సబ్బుతో ఒళ్ళు రుద్దుకొని శుభ్రముగా కడుగుకోవాలి. ఆ తరువాతనే కొలనులో దిగాలి. కొలను ఒళ్ళు కడుగుకొనుటకు కాదు, వేడినీటిలో మునిగి సేదదీరుటకు మాత్రమే. వస్త్రములేవీ లేకుండా దిగుట ఆచారము. చేతి తువ్వాలును కూడా నీటిలో ముంచరాదు. కనుక ఒంటిమీద పచ్చబొట్టు ఎక్కడ ఉన్నా తోటివారికి కనబడక తప్పదు.

నిషేధము వెనుక చరిత్ర

జపాను భాషలో పచ్చబొట్టును ఇరెజుమి అంటారు. ఎదో యుగములో, 18వ శతాబ్దమునుండి, దొంగతనము వంటి నేరములకు శిక్షగా చేతిమీదనో నుదుటిమీదనో పచ్చబొట్టు పొడిచేవారు. ఈ శిక్ష 1870లో రద్దయినది. అదే యుగములో అలంకారముగా పచ్చబొట్లు పొడిపించుకొనుట కూడా వృద్ధిచెందినది. చిత్రకారుడు ఉతగావా కునియోషి 1827 ప్రాంతములో సుయికోదెన్ కథలోని వీరులను ఒళ్ళంతా పచ్చబొట్లతో చిత్రించాడు. ఆ చిత్రములు విశేష ప్రజాదరణ పొందాయి. అగ్నిమాపకులు, శ్రామికులు అటువంటి బొమ్మలను ధైర్యమునకు గుర్తుగా వేయించుకొనేవారు.

మెయిజీ ప్రభుత్వము 1872లో పచ్చబొట్టును నిషేధించినది. విదేశీయుల దృష్టిలో తమ దేశము అనాగరికముగా కనబడరాదన్నది ఒక కారణము. ఉత్తరాన ఐను స్త్రీలు పెదవుల చుట్టూ, దక్షిణాన ర్యూక్యూ దీవుల స్త్రీలు చేతులపై పొడిపించుకొనే సంప్రదాయ పచ్చబొట్లు కూడా ఆ కాలపు నిషేధములకు గురయ్యాయి. దేశవ్యాప్త నిషేధము 1948లో తొలగిపోయినది.

చట్టము తొలగినా అపనమ్మకము పోలేదు. యాకుజా అనే నేరస్థ ముఠాల సభ్యులు వీపునిండా పచ్చబొట్లు వేయించుకొనుట ఆనవాయితీ. ముఠా సభ్యుని ముఖాముఖి నిలదీయుటకు జంకే యజమానులకు "పచ్చబొట్టు ఉన్నవారికి ప్రవేశము లేదు" అనే బోర్డు సులభమైన మార్గమయినది. ఆ బోర్డు దొంగను, దొరను వేరు చేయదు. తల్లి పేరు పొడిపించుకొన్నవారికీ, తెగ ఆచారముగా ధరించినవారికీ అదే వర్తిస్తుంది.

చర్చ, మార్పులు

2013లో హొక్కైదోలోని ఎనివా పట్టణములో, ఆదివాసీ భాషల సమావేశమునకు న్యూజిలాండు నుండి వచ్చిన ఒక మావోరీ స్త్రీని ముఖముపై ఉన్న సంప్రదాయ పచ్చబొట్టు కారణముగా స్నానశాలలోనికి అనుమతించలేదు. మావోరీలకు ఆ గుర్తు వంశమును, గౌరవమును తెలిపేది. ఈ సంఘటన దేశమంతటా చర్చకు దారితీసినది.

జపాను పర్యాటక సంస్థ 2015లో జరిపిన సర్వేకు సుమారు 600 వసతి గృహములు, హోటళ్ళు స్పందించాయి. వాటిలో దాదాపు 56 శాతము పచ్చబొట్టు ఉన్నవారిని నిరాకరిస్తున్నట్లు, 31 శాతము అనుమతిస్తున్నట్లు, 13 శాతము కప్పుకొనుట వంటి షరతులతో అనుమతిస్తున్నట్లు తెలిపాయి. పచ్చబొట్లను స్టిక్కరుతో కప్పుకొననిచ్చుట వంటి పద్ధతులను పాటించవలసినదిగా ఆ సంస్థ 2016లో యజమానులకు సూచించినది.

పచ్చబొట్టు ఉన్నంత మాత్రమున ఎవరినీ అంటువ్యాధి ఉన్నవారిగా పరిగణించి, బహిరంగ స్నానశాలల చట్టము క్రింద నిరాకరించుటకు వీలులేదని 2017లో ప్రభుత్వము పార్లమెంటులో అడిగిన ప్రశ్నకు సమాధానమిచ్చినది. అయితే యజమాని సొంత నియమముగా నిరాకరించుటను ఆ సమాధానము ఆపలేదు. 2019 రగ్బీ ప్రపంచకప్ సందర్భముగా ఆటగాళ్ళు బహిరంగ స్నానశాలలలో పచ్చబొట్లను కప్పుకోవాలని ప్రపంచ రగ్బీ సంస్థ సలహా ఇచ్చినది. పచ్చబొట్టు పొడుచుట వైద్యవృత్తి క్రిందికి రాదని, అందుకు వైద్యుని లైసెన్సు అక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

యాత్రికులకు మార్గములు

* అనుమతించే చోటును ఎంచుకొనుట: హ్యోగో రాష్ట్రములోని కినొసాకి ఊరి బహిరంగ స్నానశాలలు పచ్చబొట్టు ఉన్నవారిని అనుమతిస్తాయి. బెప్పు నగరములో కూడా అటువంటివి అనేకము. పేటలలోని సెంతోలు చాలావరకు అభ్యంతరము చెప్పవు.
* ప్రత్యేక స్నానపు గది: కషికిరి అని పిలిచే గదిని గంట లెక్కన ఒక కుటుంబమునకో జంటకో అద్దెకిస్తారు. ర్యోకాన్ అనే సంప్రదాయ వసతి గృహములలో కొన్ని గదులకు సొంత స్నానపు తొట్టి ఉంటుంది. ఒళ్ళంతా పచ్చబొట్లు ఉన్నవారికి ఇది ఉత్తమము.
* కప్పుకొనుట: చర్మపు రంగులోని స్టిక్కరుతో చిన్న పచ్చబొట్టును కప్పవచ్చు. ఇది అనుమతి ఉన్నచోట మాత్రమే చెల్లుతుంది. స్టిక్కరుల సంఖ్యకు, పరిమాణమునకు పరిమితి ఉండవచ్చు.
* ముందుగా అడుగుట: గది బుక్ చేసేటప్పుడే విచారించుట మేలు. టికెట్టు కొని బట్టలు విడిచిన తరువాత వెనుదిరుగుట ఇరువురికీ ఇబ్బంది.

కొన్నిచోట్ల చర్మముపై అంటించే బొమ్మలను, రంగుతో వేసినవాటిని కూడా నిషేధిస్తారు. కనుక పెళ్ళి వేడుకలకు చేతులనిండా మెహందీ పెట్టించుకొన్న మన ఆడపడుచులు కూడా ముందుగా అడిగి తెలుసుకొనుట మంచిది. కొత్తగా పొడిపించుకొన్న పచ్చబొట్టు పుండు మానేవరకు ఎవరూ కొలనులో దిగరాదు.

ఇవి కూడా చూడండి

* పచ్చబొట్టు
* జపాను
* వేడినీటి బుగ్గలు
* ఐను ప్రజలు