రెండు ఇళ్ళ ఉత్తరాలు

ఎడిసన్‌కు చేరువలోని ప్రిన్‌స్టన్ సెమినరీలో చదువుకుంటున్న రోజుల్లో చార్ల్స్ కోల్‌కాక్ జోన్స్, తనకు కాబోయే భార్య మేరీకి రాసిన ఉత్తరాల్లో బానిసత్వం అన్యాయమని ఒప్పుకున్నాడు. 1830లో పట్టా పుచ్చుకొని జార్జియాలోని లిబర్టీ కౌంటీకి తిరిగి వెళ్ళాడు. మూడు తోటలకు యజమానిగా, తన బానిసలకే క్రైస్తవం బోధిస్తూ బతికి, 1863లో కన్నుమూశాడు.

ఆ కుటుంబపు లేఖలను రాబర్ట్ మాన్సన్ మయర్స్ 'ది చిల్డ్రన్ ఆఫ్ ప్రైడ్' పేర 1972లో ప్రచురించాడు. జ్వరాలు, పురుళ్ళు, పంటలు, ప్రార్థనలు, దూరాన ఉన్న పిల్లల మీద బెంగ, ఇవన్నీ వాటిలో ఉన్నాయి. ఆ ఆప్యాయత సేవకుల గుడిసెల దాకా మాత్రం చేరలేదు.

1856లో జేన్ అనే బానిస యువతి సవానాకు పారిపోయింది. ఆమె పట్టుబడ్డాక తల్లి ఫీబీతో సహా ఇంటిల్లిపాదినీ అమ్మకానికి పెట్టారు. అందరినీ ఒకరికే అమ్మామన్నది యజమానుల తృప్తి. అయినా కొందరు బిడ్డలు లిబర్టీ కౌంటీలోనే ఉండిపోయారు. 1857లో ఫీబీ దంపతుల జాబు న్యూ ఆర్లీన్స్ నుంచి వచ్చింది. వెనక మిగిలిన కూతుళ్ళకూ, మనవలకూ పేరుపేరునా ప్రేమ తెలుపుతూ రాయించిన జాబు అది.

ఎర్‌స్కిన్ క్లార్క్ 'డ్వెలింగ్ ప్లేస్' (2005) ఈ రెండు కుటుంబాల కథనూ కలిపి చెప్పింది. అన్యాయమని తెలిసినవాడు అన్యాయంతో ఎలా కాపురం చేస్తాడో తెలియాలంటే, ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకొని చదవాలి.